మా అత్తగారి చీటీని మర్యాదగా ముగించుకొనుటకు గడువు

చిట్స్ డిప్యూటీ రిజిస్ట్రారు గారికి, ప్రొద్దుటూరు న్యాయవాది నాగలత వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా అత్తగారు బాలనాగమ్మ అనుమతి లేకుండా నడుపుచున్న చీటీని ముగించుటకు గడువు కోరుట – గురించి.

1. నేను ఫైనాన్సు కంపెనీలు, చిట్‌ఫండ్లు, అప్పుల యాప్‌ల కేసులు మాత్రమే చూచు న్యాయవాదిని. గత నెల తమ కోరికపై జమ్మలమడుగులో మహిళలకు "అనుమతి లేని చీటీలు – ప్రమాదాలు" అను అంశముపై ఉపన్యసించితిని. గొర్రెలు మేపుకొను మా అత్తగారు పట్టుచీర కట్టి, ముందు వరుసలో కూర్చుని, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టిరి.

2. ప్రశ్నలు అడగమనగా మా వీధి జైబున్నీసా లేచి, "లాయరమ్మా, అట్లయితే మీ అత్త కాడ మేం ఏస్తాండే చీటీ గతి ఏంది?" అనెను. సభ గొల్లుమన్నది. తమరును నవ్వితిరి. ఆక్షేపించుట లేదు, రికార్డు కొరకు తెలుపుచున్నాను. నెలకొకసారి మా గొర్రెల దొడ్డిలో ఆడవారు కూడుట నేనెరుగుదును. భజన అనుకొంటిని.

3. ఇంటికి రాగానే, ఇందుకు జైలు శిక్ష కూడా కలదని అత్తగారికి చెప్పితిని.

"చీటీ గాదు మే, పదిమందిమి చేతిమార్పు జేసుకుంటాండాం."

"చట్టంలో దాన్నే చీటీ అంటారత్తా."

అంతటితో అత్తగారు నాతో మాటలు బంద్. నేను ఎదుటనుండగనే నా భర్త గోపితో, "ఆ లాయరమ్మ సంగటి తింటాదేమో అడుగప్పా" అనుచున్నారు. సదరు భర్త ఎన్నడూ ముట్టని గొర్రెల కర్ర పట్టుకుని పొద్దున్నే కొండకు పోవుచున్నాడు.

4. ఈ నెల ఆడవారు కూడినప్పుడు దొడ్డిలోకి పోయి, చీటీ ఈ క్షణమే ఆపవలెనంటిని. జైబున్నీసా ఏడ్చెను.

"నలుగుర్లో నిన్ను నగుబాటు జేయాలని అడగలేదమ్మా. ఇంకా చీటీ ఎత్తనోళ్లలో నేనొకదాన్ని. పాపను నర్సు కోర్సులో చేర్చాల. ఇప్పుడు ఆపితే నా దుడ్లు ఎవురిస్తారు?"

ఆమెను కాపాడవలసిన చట్టముతోనే ఆమెను ముంచబోయితిని. అత్తగారు గొర్రెపిల్లకు పాలు పట్టుచు, నా వైపు చూడకుండానే, "ఎత్తనోళ్లకంతా ఇచ్చినాంకనే ఆపేది. జైలుకైనా పోతా" అనిరి.

5. నేనక్కడనే కూర్చుని అందరినీ ఒప్పించితిని. ఎత్తినవారు చివరిదాకా కట్టవలెను, కొత్త చీటీ వేయరాదు. అత్తగారు తల ఊపిరి. నన్ను చూచి ఊపిరో, గొర్రెను చూచి ఊపిరో తెలియలేదు. అంగీకారముగా భావించితిని.

కావున అందరికీ వంతు ముట్టువరకు గడువు దయచేయ ప్రార్థన. చర్య తప్పదన్నచో, నోటీసు అత్తగారి తరఫు వకీలునైన నాకే పంపవలెను. మాటలు లేనందున ఫీజు సంగతి ఇంకా తేలలేదు.

ఈ ఇంటి గోడును కార్యాలయ పత్రముగా చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయురాలు,
నాగలత, అడ్వకేటు

తా.క.: అర్జీ ఇంట్లో పైకి చదివాను. అత్తమ్మ గోపిని పిలవకుండా నాతోనే అంది: "ఇంత రాసినావు గదా మే, నేను ఎవురికన్నా ఒక్క రూపాయి ఎగ్గొట్టినానా? అది రాసినావా?"

రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎగ్గొట్టలేదు. నా దగ్గర రుజువేమీ లేదు. అయినా కింద ఇంకోసారి సంతకం పెడుతున్నాను.

నాగలత