నిల్వ పెట్టె తెరుచుకోని వారం

నవంబరు 10, సోమవారం

వాకిలి ఊడ్పు, అంట్లు, రెండు బకెట్ల బట్టలు, పెద్ద బావకు టీ. మా ఆయన దినాలు నిన్నటితో అయిపోయాయి. చుట్టాలంతా వెళ్లిపోయారు. ఆయన గది తలుపు తీశాను. దుమ్ము తుడిచాను. మూడు పాత సర్వర్లు, ఆయన గీసిన చీరల గ్రాఫులన్నీ దాచే నిల్వ పెట్టె, ఒక స్క్రీను. మెయిన్ వేశాను. మోత మొదలైంది. గ్రాఫుల ఫోల్డరు మాత్రం తెరుచుకోలేదు. స్క్రీను మీద చక్రం తిరుగుతోంది.

అన్నం వండి వచ్చి చూశాను. ఇంకా తిరుగుతోంది.

నవంబరు 11

పక్క వీధి అందాలక్క వచ్చింది. కూర్చోలేదు.

"చెల్లె, జర గ్రాఫు తీసియ్యి. మొదటి రంగు అయింది. నూలు చట్రం మీద ఎండుతాంది. రెండో రంగుకు కట్లు ఎక్కడ కట్టాల్నో నాకేమెరుక?"

ఆయన చివరగా గీసిన చీర అది. కాగితం మీద లేదు. పెట్టెలోనే ఉంది. రంగు అంటకుండా నూలును ఎక్కడ కట్టాలో చెప్పేది గ్రాఫే. అది లేకపోతే రంగులో ముంచిన నూలంతా దండగ. నూలు అక్కది కాదు, షావుకారిది.

"దొరకకపోతే?" అన్నాను.

"ఏమైతది... గుమ్మం కాడ కాళ్లు తుడుచుకునేటందుకు పట్టు గుడ్డలు వేసుకుంటం." నవ్వబోయింది. నా మొహం చూసి ఆపుకుంది.

నవంబరు 12

ఆయన పోయిన రోజు మెయిన్ ఎవరు ఆపారని పెద్ద బావను అడిగాను.

"నేనే బంద్ చేసిన. సావు ఇంట్ల మగ్గం ఆడొద్దు. మగ్గం ఆపి గా డబ్బాల మోత ఎట్ల ఉంచుతం?"

నిజమే. మా అత్త పోయినప్పుడు కూడా అంతే, కండెలు చుట్టే చరకా చప్పుడు కూడా వినపడనివ్వలేదు. ఆయనను వాకిట్లో పడుకోబెట్టగానే బావ వెళ్లి మెయిన్ పీకేశాడట. పెట్టెను పద్ధతిగా ఆపాలని బావకెలా తెలుస్తుంది. వంకాయ కూర. ఉప్పు ఎక్కువైంది. ఎవరూ చెప్పలేదు.

నవంబరు 13

ఖాజా అన్నకు ఫోను చేశాను. చౌటుప్పల్‌లో కంప్యూటర్ల రిపేరు షాపు, ఆయన దోస్తు. ఈ గది అంతా ఇద్దరూ కలిసి పెట్టిందే.

"ఫికర్ చేయకు వదినె. నేను చెప్పినట్ల చెయ్యి. అన్ని బంద్ చెయ్యి. ముందుగాల పెట్టె ఒక్కటే వెయ్యి. పచ్చ లైటు నిలబడ్డంక సర్వర్లు. అన్నం ఉడకకముందే ఇస్తరేస్తే ఎట్ల?"

చేశాను. లైటు నిలబడింది. మొదటి సర్వరు — లేదు. రెండోది — లేదు. మూడోదీ అంతే.

"రేపు వస్త."

నవంబరు 14

ఖాజా అన్న పొద్దుటి బస్సుకు వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చోలేదు, స్టూలు అడిగాడు. ఒక్కో తీగ పీకి కొత్తది పెట్టి చూశాడు. తీగలు మంచివే. చివరికి తన ల్యాప్‌టాప్‌ను నేరుగా పెట్టెకే తగిలించాడు.

"దొరికింది. కరెంటు పోయొచ్చినంక రూటరు దీనికి కొత్త నంబరు ఇచ్చింది వదినె. సర్వర్లు మూడూ ఇంక పాత నంబరు కాడికే పోయి తలుపు కొడుతున్నయి."

"ఎన్నాళ్లు కొడతాయి?"

"మనం చెప్పేదాక."

పెట్టెకు పాత నంబరే ఇక మారకుండా రాసిపెట్టాడు. ఫోల్డరు తెరుచుకుంది. గ్రాఫులన్నీ ఉన్నాయి. సంతోషం కలగాలి. టీ పెట్టాను.

తిరిగి వచ్చేసరికి చివరి చీర ఫైలు తెరిచి ఉంచాడు. మీద ఒక మాట — ఈ ఫైలు వాడకంలో ఉంది. వాడుతున్నవారు: శ్రీశైలం.

మా ఆయన పేరు. ఖాజా అన్న మౌసు వదిలేశాడు. "ఆ రోజు తెరిచే ఉండె. మెయిన్ గుంజంగనే తాళం గట్లనే పడి ఉండిపోయింది. చూడొచ్చు. గీయనియ్యది."

చూశాను. చీర నడుమంతా గీసి ఉంది. కొంగు సగంలో ఆగింది.

"తాళం తీసెయ్యాల్నా వదినె?"

టీ గ్లాసు అందించాను. బస్సు టైమైందని లేచాడు. "నిమిషం పని. ఫోన్ల చెప్పినా అయితది."

నవంబరు 15

ఇల్లు కడిగాను. గదిలోకి వెళ్లలేదు.

నవంబరు 16

అందాలక్క మళ్లీ. "మంగళారం షావుకారు వస్తడు. కట్లు పడకపోతే నూలు గుంజుకపోతడు, మళ్ల నాకు పనియ్యడు. ఆగమంటే నేనాగుత గని..." మాట మింగింది. "అయ్యో, నిన్ను తొందర పెడుతున్ననా చెల్లె?"

లేదన్నాను.

నవంబరు 17

పొద్దున్నే ఖాజా అన్నకు ఫోను. చెప్పినట్టే చేశాను. తాళం నిజంగా తీసేయాలా అని స్క్రీను అడిగింది. అవును నొక్కాను. ఏమీ కాలేదు. ఫైలు తెరుచుకుంది, అంతే.

మిగిలిన కొంగు నేనే గీశాను. ఎడమ సగాన్ని కుడికి తిప్పి వేశాను. ఆయన కొంగులు అలాగే ఉంటాయి, ఎన్నింటికో నేనే కట్లు కట్టాను. ఈ చీరకు కూడా అదే అనుకున్నాడా... తెలియదు. కాగితం మీద అచ్చు తీసి ఇచ్చాను. అందాలక్క వెలుతురులోకి తీసుకుపోయి చూసింది.

"గిదంత ఆయన గీతనేనా?"

"సగం."

"ఏ సగం?"

చూపించలేదు. అక్క మళ్లీ అడగలేదు.

సాయంత్రం రెండో సర్వరు మీద అదే ఫైలు తెరిచాను. వాడకంలో ఉంది. వాడుతున్నవారు: శ్రీశైలం. పేరు రెండుసార్లు చదివాను. తర్వాత అర్థమైంది. పొద్దున ఆయన పేరు మీదే లోపలికి వెళ్లాను, మూసి రాలేదు. వాడుతున్నది నేనే.

నవంబరు 18, మంగళవారం

వాకిలి, అంట్లు. షావుకారు వచ్చి చట్రం చూసి పోయాడట. కట్లు సగం పడ్డాయి, నూలు ముట్టుకోలేదు. కొంగు కలిసిందో లేదో కట్లు విప్పితేనే తెలుస్తుంది.

ఖాజా అన్న ఫోను. "నీ పేరు మీద కొత్త ఖాతా చేద్దామా వదినె?" చూద్దామన్నాను. కూలి ఎంతో చెప్పమన్నాను. కోపం చేశాడు. "నా షాపుకు వైరింగ్ అంత చేసి ఒక్క పైస తీసుకోలే నీ పెనిమిటి. గియ్యాల బరాబర్ అయింది. ఇంక అడగకు."

ఖాజా అన్న లెక్క — బరాబర్. నేను లోపలికి పోయేది మాత్రం ఇంకా ఆయన పేరు మీదే.