ఏడాది చందా

చిరంజీవి చిట్టికి,

నీ వదిన దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం అలవాటు కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. అందులో నిజమెంతో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో. అక్కడ మీ ఆయన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. పెద్దదానికి జ్వరం తగ్గిందని రాశావు, ప్రాణం కుదుటపడింది.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని నవ్వుకోకు. మా రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడినా మీ అన్నయ్య చెవిన పడుతుంది. పోనీ లాండ్రీ నుంచి చేద్దామంటే ఇక్కడ మెషిన్ల మోతలో నా మాట నాకే వినపడదు. ఉతికిన చొక్కాలకు చీటీలు గుచ్చడం అయిపోయింది. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. గిరాకీ వస్తే లేచి వెళ్ళి మళ్ళీ వస్తాను, మధ్యలో మాట తెగితే ఏమీ అనుకోకు.

పాత క్లినిక్ ఎందుకు మానేశారని అడిగావు. వెళ్ళినప్పుడల్లా కొత్త డాక్టరేనమ్మా. కంప్యూటరు వైపు చూస్తూ "ఆయాసం ఎప్పట్నుంచి?" అంటారు. నేను చెబుతుండగానే మందు రాసేస్తారు. మేము లేవకముందే తరువాతివాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉంటారు. పోయినసారి ఒకాయన మీ అన్నయ్య ఛాతీ మీది గుండె ఆపరేషను మచ్చ చూసి "ఇదెప్పుడైంది?" అని అడిగాడు. ఆ ఆపరేషనుకి చీటీ రాసి పంపిందే వాళ్ళు! నాకు ఒళ్ళు మండిపోయింది. మీ అన్నయ్య మాత్రం గుండీలు పెట్టుకుంటూ, "పాపం, ఎంతమందినని గుర్తుపెట్టుకుంటాడులే" అన్నారు. మీ అన్నయ్య సంగతి నీకు తెలియనిదేముంది? రోజంతా డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీట్లో కూర్చుని నేర్చుకునేవాళ్ళకి "మెల్లగా, మెల్లగా" అని చెప్పే మనిషి, ఇంటికొచ్చాక ఆ రెండు మాటలు కూడా అనరు. ఇద్దరి తరఫునా మాట్లాడే ఉద్యోగం నాదే కదా.

ఈ కొత్త డాక్టరమ్మ ఎక్కడ దొరికిందంటావా, నా కౌంటరు దగ్గరే. తన తెల్లకోట్లు తనే తెచ్చి ఇస్తుంది. ఒకరోజు కోటు అందుకుంటుంటే, "మణికట్టుకి పట్టీ తీసేశారే, నొప్పి తగ్గిందా?" అంది. ఇస్త్రీ చేసీ చేసీ చెయ్యి లాగుతోందని అంతకుముందెప్పుడో ఒక్కసారి అన్నాను. ఇంట్లో మనిషి పట్టీ ఉందో లేదో చూడలేదు, బయటి మనిషి చూసింది. అప్పుడే అనుకున్నాను, మీ అన్నయ్యని చూపిస్తే ఈమెకే చూపించాలని.

తీరా అడిగితే, పెద్ద క్లినిక్ వదిలేసి సొంతంగా పెట్టుకున్నానంది. కొద్దిమందినే చేర్చుకుంటుంది. ఏడాదికింత అని చందా. ఎప్పుడు ఫోను చేసినా తనే ఎత్తుతుంది, గంటసేపు కూర్చోబెట్టి చూస్తుంది, కదల్లేకపోతే ఇంటికే వస్తుంది. చేరాలో వద్దో తేల్చుకోవడానికి మొదటిసారి ఊరికే చూస్తుంది.

"డాక్టరుని కూడా ముందే రిజర్వు చేసుకునేంత ఎదిగిపోయారా వదినా?" అని ఎగతాళి చేశావు. చెయ్యి, చెయ్యి. నాకు మాత్రం మనసొప్పిందా? కట్టగలిగినవాడి మాట వినడానికి గంట, కట్టలేనివాడికి తలుపు. ఉండబట్టలేక ఆవిడ ముఖం మీదే అడిగేశాను, "మరి మిగతావాళ్ళ గతేంటండీ?" అని. ఆవిడ తప్పించుకోలేదు. "అక్కడున్నప్పుడు రోజూ ఎవరో ఒకరి మాట సగంలో ఆపేసేదాన్ని. ఇప్పుడు కొంతమంది మాటైనా చివరిదాకా వింటున్నా. ఇది న్యాయమని మాత్రం నేననను" అంది. ఆ మాటకి నేను సగం పడిపోయాను.

సరే, వెళ్ళాం. చిన్న గది, ఒక బల్ల, మూడు కుర్చీలు, కంప్యూటరు ఎక్కడా కనపడలేదు. ఆవిడ మీ అన్నయ్య వైపు తిరిగి "ఎలా ఉంటోంది మీకు?" అంది. "రాత్రిళ్ళు పడుకుంటే ఊపిరాడదండీ, దిండు మీద దిండేసి కూర్చోబెడతాను" అన్నాను. "కాళ్ళ వాపు?" "పొద్దున కొంచెం తగ్గుతుందండీ, సాయంత్రానికి చెప్పులు పట్టవు." "ఆకలి?" "ఎక్కడండీ, పిచ్చుక తిన్నంత." ఆవిడ కలం కింద పెట్టి నావైపు చూసి, "అమ్మా, మీరు చాలా బాగా చూసుకుంటున్నారు. కాసేపు బయట కూర్చుంటారా?" అంది.

ఏమిటీ, నన్నా! ఇన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి పన్ను నొప్పి కూడా నేనే చెప్పాను డాక్టర్లకి. బయట మెత్తటి కుర్చీలున్నాయి. కూర్చుంటే ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉంది. తలుపు అవతల మీ అన్నయ్య గొంతు వినిపిస్తూనే ఉంది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం ఆగడం లేదు. మధ్యలో ఒకసారి నవ్వారు కూడా. అబద్ధమెందుకు చిట్టీ, నాకు అసూయ పుట్టింది. నాతో ఒక్క పూట అంతసేపు మాట్లాడింది లేదు. బయటికొచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను డాక్టరమ్మని పట్టుకున్నాను. "ఆయన నాకు చెప్పింది ఆయనే మీకు చెప్తారు. నేను చెప్పకూడదు" అంది. చక్కగానే అంది, నాకే చెంపదెబ్బలా తగిలింది.

బస్సులో అడిగాను.

"ఏం చెప్పారు?"

"అడిగినవన్నీ."

"ఏం అడిగింది?"

"అన్నీ."

చూశావా మీ అన్నయ్య వరస! మొగుడూ పెళ్ళాల మధ్య గుట్టు పెట్టే డాక్టరుకి నేను చందా కడతానా అని ఒట్టు పెట్టుకున్నాను. పంతానికి మళ్ళీ పాత క్లినిక్‌కే లాక్కెళ్ళాను. అక్కడ ఇంకో కొత్త ముఖం, పాత రిపోర్టులు గబగబా చూసి, "ఇంకో ఆపరేషనుకి ప్రయత్నించవచ్చు, పెద్దాసుపత్రికి రాస్తున్నాను" అంది. నా సంతోషం పట్టలేకపోయాను. తలెత్తి చూడకపోతేనేం, దారి చూపించింది కదా అనుకున్నాను. మీ అన్నయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

కోపం చల్లారాక మనసు మార్చుకున్నాను. ఆపరేషను పెద్దాసుపత్రిలో చేయిద్దాం, ఆ తరువాత బాగోగులు చూడ్డానికి ఈవిడ ఉంటే మంచిది, ఫోనుకి పలుకుతుంది, ఇంటికి వస్తుంది. సాయంత్రం భోజనాల బల్ల మీద చందా కాగితం పరిచి నింపుతున్నాను. మీ అన్నయ్య ఎదురుగా కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటున్నారు.

"ఏడాదికి వద్దులే. మూణ్ణెల్లకి కూడా ఇస్తారట. నేనడిగాను" అన్నారు.

"మొదలెట్టారా పిసినారితనం! మూణ్ణెల్ల చొప్పున కడితే మొత్తమ్మీద ఎక్కువ పడుతుంది. ఆ మాత్రం లెక్క రాదా మీకు?"

"లెక్క వచ్చు కాబట్టే చెప్తున్నా."

నేను కలం ఆపకుండా ఇంకా ఏదో వాగుతూనే ఉన్నాను. నూనె గిన్నె పక్కకి జరిపిన చప్పుడుకి తలెత్తి చూశాను. ఆ ముఖం చూశాక కలం కింద పెట్టేశాను.

అప్పుడు చెప్పారు చిట్టీ, మెల్లగా, ఒక్కొక్కటే. ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టానని నాతో అన్నారు కదా, అది సెలవు కాదట, డ్రైవింగ్ స్కూలు మానేశారట. నేర్చుకునే అమ్మాయి ఎవరో ఎదురుగా సైకిలు రాగానే కంగారు పడిందట. మీ అన్నయ్య వైపున్న బ్రేకు మీద కాలు వేశారు గానీ నొక్కే బలం లేకపోయిందట. ఆ సైకిలాయనే పక్కకి దూకాడు కాబట్టి సరిపోయింది. ఇంకో ఆపరేషను చేస్తే ఆయుష్షు కొన్నాళ్ళు పెరగొచ్చు, బల్ల మీదే పోవచ్చు, లేకపోతే మంచం దిగకుండా ఉండిపోవచ్చు అని డాక్టరమ్మ దాచకుండా చెప్పిందట. ఇలాగే వదిలేస్తే ఏడాది గడవడం కష్టమని కూడా చెప్పిందట.

"మళ్ళీ కోయించుకోను. పోయినసారి గాజు తలుపు అవతల నువ్వు ఏదో చెప్తూనే ఉన్నావు, పెదాలు కదులుతున్నాయి, నాకు వినపడలేదు. అంత భయం నాకెప్పుడూ వెయ్యలేదే. పోతే ఇంట్లోనే పోతా, నీ వాగుడు వింటూ. ఆవిడ ఇంటికొచ్చి నొప్పి లేకుండా చూస్తానంది. నాకు ఆవిడ కావాలంటున్నది అందుకే" అన్నారు.

"ఇదంతా ముందు ఆవిడకి చెప్పి, తరువాత నాకా?" అన్నాను.

"నీకు చెబుదామంటే జవాబు కూడా నువ్వే చెప్పేస్తావు కదే" అన్నారు.

నాకు ఏడుపు కూడా రాలేదు. లేచి వెళ్ళి గిన్నెలు తోముతూ నిలబడ్డాను. తోమినవే మళ్ళీ తోమాను.

ఇప్పుడు నీకు చెప్పాలని ఇంతసేపూ దాటేస్తూ వస్తున్న మాట. నిన్న ఆయనకు తెలియకుండా ఒక్కదాన్నే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తిట్టాలనే వెళ్ళాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని "ఎలా ఉన్నారు?" అంది. "రాత్రి రెండుసార్లు లేచి కూర్చున్నారండీ" అన్నాను. "ఆయన కాదమ్మా, మీరు." నాకు నోరు పెగల్లేదు చిట్టీ. అందరి తరఫునా జవాబు చెప్పే నోరు ఇది! బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ ఊరుకోమనలేదు, గడియారం చూడలేదు. చాలాసేపటికి నేనే లేచి ముఖం తుడుచుకుని, చందా తీసి బల్ల మీద పెట్టాను. పూర్తి ఏడాదికి. ఆవిడ అది చూసి, "మూణ్ణెల్లకని అన్నారు కదా ఆయన" అంది. "నా తరఫున నేను కడుతున్నానండీ, తీసుకోండి" అన్నాను. ఆవిడ తీసుకుంది.

మీ అన్నయ్యతో మూణ్ణెల్లకే కట్టానని చెప్పాను. నువ్వు నోరు జారకు. పెద్దాసుపత్రి కాగితం ఇంకా ఆయన జేబులోనే ఉంది. ఒకసారి అడిగి చూద్దామా అని నోటిదాకా వస్తుంది, మింగేస్తున్నాను. మింగడం నాకు అలవాటు లేని పని.

పిల్లల పరీక్షలయ్యాక, ఎండాకాలం సెలవుల్లో తీరిగ్గా వస్తానని రాశావు. నేనేదో మొండితనం కొద్దీ ఏడాదికి కట్టానని నువ్వు కూడా ఏడాది ఉందనుకోకు. ఈ ఉత్తరం అందగానే బయల్దేరు తల్లీ.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
మీ వదిన