నానమ్మకు పెట్టిన ముద్ద

జూన్ 9, సుంగై పెటాని, మలేషియా

సముద్రజీవుల మీద రాసిన ఎస్సేకి ఫస్ట్ ప్రైజ్. అలాస్కాలో ఒక పార్క్‌లో వారం రోజుల క్యాంప్, ఇద్దరికి టికెట్లు, తిరిగొచ్చాక స్కాలర్‌షిప్. నాన్న ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. గ్లేసియర్‌ని తెలుగులో హిమానీనదం అంటారట. రోజంతా ఆ మాటే నోట్లో తిప్పుకున్నాను.

జూన్ 21, పడవలో

కిల్లర్ వేల్స్ ఒక సీల్ పిల్లను తోకలతో ఎగరేసి ఎగరేసి చంపాయి. నీళ్లు ఎర్రబడ్డాయి. వెనక హిమానీనదం ముక్క విరిగి సముద్రంలో పడింది. ఆ చప్పుడు గుండెకు తగిలింది. మన పసార్‌లో, ఆ సంతలో చేపలు కోసేకాడ ఇంతకన్నా నెత్తురుంటాది లా, అన్నాడు నాన్న బిస్కెట్ నములుతూ.

జూన్ 23

నానమ్మ తద్దినం. ఇక్కడ క్యాంప్‌లో రూల్ ఒకటే: తిండి ఇనప పెట్టెలోనే ఉండాలి, లేకపోతే ఎలుగుబంట్లు వస్తాయి. నాన్న వినలేదు. అన్నం, ఎండుచేప కూర ముద్ద చేసి టెంట్ వెనక రాయి మీద పెట్టాడు. రూల్ ఉంది నాన్నా అన్నాను. రూలు ఆళ్లది, అమ్మ నాది అన్నాడు.

ఇక్కడి కాకులు కోడిపుంజంత ఉన్నాయి. ఒక్కటీ వాలలేదు. గంటసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆఖర్న సూడ్డానికి రానేదని అమ్మకింకా కోపమే అమ్మీ, అన్నాడు. ముద్ద అక్కడే వదిలేశాం.

జూన్ 24, ఉదయం 6

ఎలుగుబంటి టెంట్ చీల్చింది. ఎండుచేప వాసన వదలని నాన్న కుడిచేతిని కరిచి పట్టుకుంది. ఎముక విరగడం విన్నాను. కెటిల్‌తో దాని మూతి మీద కొట్టాను. కొడుతూనే ఉన్నాను. వదిలేసి పోయింది.

ఉదయం 9

పార్క్ రేంజర్ అడిగాడు, బయట తిండి పెట్టారా అని. పెట్టి ఉంటే ఎలుగుబంటిని తరిమేసి, క్యాంప్ మారుస్తాం. ఊరికే మనుషుల మీదికి వచ్చిందంటే కాల్చక తప్పదు అన్నాడు. సెప్పకు అమ్మీ, రూలు తప్పినామని తెలిస్తే నీ సదువు పోతాది, అని నాన్న పళ్లు బిగించి గొణిగాడు.

పెట్టలేదన్నాను.

ఉదయం 11

మొదటి గుండుకు ఎలుగుబంటి చావలేదు. కూర్చుని, తన పొట్టను తనే నాక్కుంది. రెండోదానికి పడింది. పరీక్ష కోసమని రేంజర్ కడుపు కోశాడు. అన్నం. ఎండుచేప. నావైపు చూశాడు. కత్తి తుడుచుకున్నాడు.

జూన్ 25, ఆసుపత్రి

ముద్ద ఎలుగుబంటి కడుపులో కనబడిందని నాన్నకు చెప్పాను. మొత్తం తిన్నాదా అని అడిగాడు. తిన్నది అన్నాను. కళ్లు మూసుకుని నవ్వాడు.