డబ్బా మీద వయసు మాత్రమే

అక్కకి,

ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ బావా కూడా క్షేమమనే అనుకుంటున్నాను. క్షేమం అని రాసేసి ఆ మాటకేసి కాసేపు చూస్తూ కూర్చున్నాను. అమ్మ వరకూ అది నిజమే. మోకాలికి కొత్త పట్టీ వేసుకుని మెట్లెక్కి దిగుతోంది, మెట్ల కింద సైకిలు ఎవరు పెట్టాలన్న దాని మీద పక్కింటావిడతో ఒక గొడవ కూడా పెట్టుకుంది. కుదురు లేనిది నాకే. నాలుగు రోజులుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఇది ల్యాబు వరండాలో, కిటికీ పక్కన కూర్చుని రాస్తున్నాను. లోపల వెచ్చటి పెట్టెలో కణాలున్నాయి, అవి చీలడం మొదలుపెట్టేదాకా నాకు పనిలేదు. ఒక వాక్యం రాస్తాను, లేచి వెళ్లి పెట్టె మీద వేడి ఎంతుందో చూసి వస్తాను. మారితే దానంతట అదే గంట కొడుతుంది, నేను చూడక్కర్లేదు. అయినా లేస్తున్నాను. మా మైక్రోస్కోపులు బాగుచేసే పెద్దాయన చూసి చూసి, "అమ్మాయ్, నువ్వలా దడదడా నడిస్తే నేల అదిరి లోపల బొమ్మ చెదురుతుంది. నీకు పుణ్యముంటుంది, కూర్చో," అన్నాడు. కూర్చున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మకి పంపిన చెప్పులు సరిపోయాయి. రంగు నచ్చలేదని నాలుగిళ్లకీ చెప్పింది, రోజూ అవే వేసుకుంటోంది. బావ చేసి పంపిన కళ్లజోడు నా ముక్కు మీద నిలవడం లేదు. తప్పు ముక్కుదే అని ఆయన అంటారని తెలుసు కాబట్టి నేనే ఒప్పుకుంటున్నాను. ఆగి ఉన్న బండిని చూసి కూడా హారను కొట్టే నీ శిష్యుడు లైసెన్సు పరీక్ష పాసయ్యాడని రాశావే, ఆయన ఏ దారిన తిరుగుతాడో కాస్త ముందే చెప్పు, నేను మీ ఊరు వచ్చినప్పుడు ఆ దారి మానేస్తాను.

ఇంకొకటి అడిగావు. రోజంతా డ్రైవింగు రానివాళ్ల పక్కన కూర్చుని కుదుపులు తినడం వల్లే నా అండాశయంలో గుడ్లు పాడయ్యాయా, కడుపు నిలవనిది అందుకేనా అని. సరదాగా అడిగినట్టే రాశావు గానీ, ఆ వాక్యం ఒకసారి రాసి కొట్టేసి, కింద మళ్లీ రాశావు. కొట్టేసిన దాన్ని నేను వెలుతురుకి పెట్టి చదివాను. కాదే అక్కా, కానే కాదు. ఇది మటుకు నాకు బాగా తెలిసిన విషయం, నా బతుకంతా దీంతోనే కదా.

నీ గుడ్లన్నీ నువ్వు అమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారయ్యాయి. ఒక్కో గుడ్డులోనూ క్రోమోజోములు జంటలు కట్టి ఉంటాయి. ఆ జంటలు విడిపోకుండా పట్టి ఉంచే ప్రొటీను ఒకటుంది, మేం మాటల్లో దాన్ని బంక అంటాం. ఆ బంక అప్పుడు పూసిందే, తర్వాత కొత్తగా పూయడమనేది దాదాపు లేదని ఇప్పటిదాకా చూసినవాళ్లంతా చెబుతున్నారు. నలభై ఏళ్ల తర్వాత గుడ్డు పక్వానికి వచ్చేటప్పుడు కూడా ఆ పాత పూతతోనే పని. గుడ్డు తన క్రోమోజోముల్లో సగాన్ని లెక్క తప్పకుండా బయటికి పంపాలి. బంక అప్పటికే సడలిపోతే జంటలు ముందే ఊడి, ఎటు పడితే అటు పోతాయి. అలాంటి గుడ్డుతో కడుపు నిలవదు. ఇందులో నీ కారూ లేదు, నీ శిష్యులూ లేరు, నువ్వు తిన్నదీ తిననిదీ లేదు.

ఇదంతా అమ్మకి చెబితే చేతిలో పని ఆపి, "అంటే తిప్పి తిప్పి చివరికి నా నెత్తినే వేశారన్నమాట," అంది. కాదమ్మా అని అరగంట బతిమాలాను. కాసేపయ్యాక తనే వచ్చి, "నీ అక్క కడుపులో ఉన్నప్పుడు నేను బాగానే ఉన్నానే. బాగానే తిన్నానే," అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఎవరికి వాళ్లం మనలోనే తప్పు వెతుక్కుంటున్నాం.

సరే, ఇక అసలు విషయం. నీ ఉత్తరంలో చివర, ఏదో పాలవాడికి చెప్పినంత మామూలుగా రాశావు: "నీ మందు వచ్చేదాకా మళ్లీ గుడ్లు తీయించుకోకుండా ఆగుతానని డాక్టరమ్మకి చెప్పేశాను. ఆవిడ మొహం మాడ్చుకుంది. నెలాఖరులోగా మనసు మారితే చెప్పు, అప్పటిదాకా నీ చోటు ఇంకెవరికీ ఇవ్వను అంది. నాకెందుకు మారుతుంది, ఇంట్లోనే శాస్త్రవేత్త ఉండగా?"

అది చదివి ఉత్తరం మడిచేసి, మళ్లీ విప్పి చదివాను.

ఆ మాట నీ తలకెక్కించింది నేనే. బావ కొత్త కొట్టు తెరిచిన రోజు, అందరం భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు, బావ తమ్ముడు నన్ను ఆటపట్టించాడు, "ఇన్నేళ్లు చదివావు, నీ చదువు ఎవరికి పనికొచ్చింది?" అని. నాకు రోషం వచ్చింది. "ఇంకో ఏడాది ఆగండి, ముసలి గుడ్లని పడుచు గుడ్లు చేసి చూపిస్తాం," అన్నాను. నువ్వు గిన్నె పట్టుకుని అటు వెళ్తూ ఆగిపోయావు. నీ మొహం ఒక్కసారి వెలిగింది. నా నోరు అక్కడ ఆగాలి కదా, ఆగలేదు. నీ మొహం చూసి ఇంకో నాలుగు మాటలు కలిపాను. అక్కని అంత సంతోషపెట్టి ఎన్నాళ్లయిందో అనిపించింది, ఆ సంతోషంలో ఏం వాగానో నాకే గుర్తులేదు. నీకు మాత్రం ప్రతి ముక్కా గుర్తుందని నీ ఉత్తరం చూస్తే తెలిసింది.

నిజం ఎంతో చెబుతాను. ఆ బంక తొందరగా కరిగిపోకుండా కాపాడే ప్రొటీను ఒకటుంది, వయసుతో అదీ తగ్గుతుంది. దాన్ని సన్నటి గాజు సూదితో గుడ్డులోకి ఎక్కిస్తే జంటలు ఎక్కువసేపు కలిసి ఉంటున్నాయి. మేమూ చూశాం, ఇంకొన్ని చోట్లా చూస్తున్నారు. అంతవరకూ నేను అబద్ధం చెప్పలేదు. కానీ అలాంటి గుడ్డు నుంచి పిల్ల పుడితే ఆ పిల్ల ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అది తేలాలి, తర్వాత అనుమతులు, తర్వాత ఆసుపత్రులు. ఏడాది అన్నాను, దానికి ఆధారం నా రోషం తప్ప ఇంకేమీ లేదు. ఎన్నేళ్లో ఈ ల్యాబు నడిపే మా మేడానికే తెలియదు. నీకు నలభై ఒకటి. నీ గుడ్లలో ఉన్న బంక మా అనుమతుల కోసం ఆగదు. నువ్వూ ఆగొద్దు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. మొన్న చేశాను కదా. నువ్వు ఎత్తగానే, "ఏమే, నా మందు ఎలా ఉంది?" అన్నావు. నా మందు అట! బాగుందని చెప్పి, ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాను. ఎవరూ పిలవలేదు.

ఇప్పుడే మళ్లీ లేచి పెట్టె దగ్గరికి వెళ్లి వచ్చాను. ఇక్కడితో సంతకం చేసేద్దామనిపించింది. ఆగొద్దు అని చెప్పేశాను కదా, చాలదా? చాలదు. ఇంకోటి ఉంది.

పోయినసారి ఆసుపత్రిలో పక్వానికి రాని గుడ్లు రెండు మిగిలాయనీ, పారేసే బదులు పరిశోధనకి ఇస్తావా అని నర్సు అడిగితే సంతకం పెట్టాననీ రాశావు. నీలాంటి వాళ్ల కడుపు నిండుతుందిలే అని ఎగతాళి కూడా చేశావు. అలాంటి గుడ్లు నాలుగైదు ఆసుపత్రుల నుంచి మా దగ్గరికే వస్తాయి. వెచ్చటి డబ్బాలో వస్తాయి, డబ్బా మీద పేరుండదు, వయసు మాత్రం ఉంటుంది. నువ్వు సంతకం పెట్టానని రాసిన ఆ రోజున మాకు వచ్చిన డబ్బా ఒక్కటే. అందులో రెండు గుడ్లు. మీద నలభై ఒకటి అని ఉంది. విప్పింది నేనే.

అప్పటికి నాకేం తెలుసు? రెంటిలో ఒకదానికి ప్రొటీను ఎక్కించాలి, ఒకదాన్ని ఉన్నది ఉన్నట్టు వదలాలి, పోల్చి చూడాలంటే అదే పద్ధతి. రెంటినీ మైక్రోస్కోపు కింద పెట్టి సినిమా తీశాను. వదిలేసిన దానిలో జంటలు ముందే ఊడిపోయాయి. క్రోమోజోములు చెల్లాచెదురుగా పరుగులు పెట్టాయి. మా ల్యాబులో సినిమా తీసినవాళ్లే గుడ్డుకి ముద్దుపేరు పెట్టాలి, అదొక అలవాటు. నేను దానికి కంగాళీరాణి అని పెట్టాను. వారం చివరి మీటింగులో, టీ తాగుతూ, ఆ పేరుతోనే తెర మీద వేసి చూపించాను. అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను అక్కా. ఎందుకు నిలవడం లేదని నువ్వు ఇన్నేళ్లుగా ఏడుస్తున్నావో అదే తెర మీద కదులుతుంటే, నేను బిస్కెట్టు తింటూ నవ్వాను.

నీ ఉత్తరం ఆ తర్వాత వచ్చింది. చదివాక ఆ సినిమా ఇంకోసారి తెరవడానికి నా చేతులు రాలేదు. మా మేడం దగ్గరికి వెళ్లి చెప్పాను, అవి మా అక్కవేమోనని. ఆవిడ లేచి గది తలుపు వేసింది. "ఊహ ఊహగానే ఉండనీ, నిజమో కాదో తవ్వకు. ఈ గుడ్ల పని ఇవాళ్టి నుంచి ఇంకొకరు చూస్తారు. నీ నోటితో ఇంట్లో ఏం చెప్పావో అది మాత్రం నువ్వే సరిచేసుకో," అంది. అందుకే ఇప్పుడు మామూలు కణాల దగ్గర కూర్చున్నాను. నాకు బాధ లేదు. ఉంది, కానీ అది ఈ ఉత్తరంలో రాసేంతది కాదు.

ఒక్కటి గుర్తుంచుకో. పక్వానికి రాని ఆ ఒక్క గుడ్డుని చూసి మిగతావి ఎలా ఉంటాయో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. దాన్ని చూసి నువ్వు ఆశ వదులుకుంటే నేను బతకలేను.

రెండో గుడ్డు సంగతి చెప్పకూడదనే అనుకున్నాను. నాలుగు రోజుల తిరుగుడంతా దాని గురించే. చెబితే నువ్వు ఇంకా మొండిగా ఆగుతావని భయం. చెప్పకపోతే, నీదైన దాన్ని నీకు తెలియకుండా నేను దాచుకున్నట్టు అవుతుంది. అది బాగా విడిపోయింది అక్కా. జంటలన్నీ వరసలో నిలబడి, సగం ఇటూ సగం అటూ, అంత చక్కగా విడిపోయిన గుడ్డు మేం చాలా రోజులుగా చూడలేదు. మేం ఎక్కించిన దాని వల్లో, దాని అదృష్టమో, ఒక్కదాన్ని చూసి చెప్పలేం. నవ్వడానికేమీ లేదు కాబట్టి దానికి పేరు కూడా పెట్టలేదు. సినిమా అయిపోయాక పద్ధతి ప్రకారం దాని మీద రసాయనం పోసి, చంపి, రంగు వేసి, గాజు పలక మీద అతికించాను. నా చేతులతోనే చేశాను. దాన్ని నీకు తెచ్చివ్వడానికి ఏ దారీ లేదు, అప్పుడూ లేదు. మా మందు ఇవాళ చేయగలిగింది అంతే, గాజు పలక మీద ఒక చక్కటి గుడ్డు.

నీ దగ్గర ఇంకా ఉన్నవి గాజు మీదవి కావు. అవి ఏడాది ఆగితే ఏడాది ముదురుతాయి. డాక్టరమ్మ చెప్పిన నెలాఖరు దగ్గరపడింది, అందుకే ఇది రేపు పొద్దున్నకల్లా చేరేలా మనిషి చేత పంపిస్తున్నాను. బావకి చూపించడం, నన్ను తిట్టడం, కంగాళీరాణి గురించి ఏడవడం అన్నీ తర్వాత. కాగితం కింద పెట్టి ముందు డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి.

ఇట్లు,
నువ్వు ఎంత తిట్టినా పడే,
నీ చెల్లి