హీటరుకు ఎంత కాలుతుంది?

విద్యుత్ శాఖ సహాయ ఇంజినీరు గారి సముఖమునకు, మూడో వీధి చివరి ఇంట్లో కాపురముంటూ, అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుని బతికే నేను రాసుకుంటున్న అర్జీ.

అయ్యా,

విషయం: కాలని హీటరు కాలినట్లు రాసుకుని కత్తిరించిన మా ఇంటి కరెంటును తిరిగి కలుపుట గురించి (మూడవసారి).

1. మా అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. నెమ్ము చేసి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చినది. గది వెచ్చగా లేకపోతే జబ్బు తిరగబెడుతుందని డాక్టరు గారు చెప్పినందున రెండు వేల వాట్ల హీటరు కొనడమైనది. అమ్మ దానిని పెట్టనివ్వలేదు. "గంటకు ఎంత కాలుతుందో తెలిసేదాకా దాని జోలికి పోకు" అన్నది. రెండు యూనిట్లని మనవి చేసితిని. "గది వేడెక్కితే అదే ఆగిపోతుందన్నావుగా, అప్పుడూ రెండేనా? నీ నోటిలెక్కలు నాకొద్దురా, కరెంటాఫీసులో అడిగి రా" అన్నది.

2. ఆ ప్రకారం తమ కార్యాలయపు రెండో కిటికీ వద్ద "మూడో వీధి చివరి ఇంట్లో హీటరుకు గంటకు ఎంత కాలుతుందండీ?" అని అడిగితిని. గుమాస్తా గారు తల ఎత్తకుండా, ఫోనులో బావమరిదితో మాట్లాడుతూనే, "మూడో వీధి చివరి ఇంట్లో హీటరు కాలుతున్నది" అని రిజిస్టరులో రాసుకున్నారు. నేను ఇంటికి చేరేసరికి లైన్‌మన్ నిచ్చెన మీద ఉన్నారు. తీగ కత్తిరించి, "పెద్ద ప్రమాదం తప్పింది సార్" అని నన్ను అభినందించి వెళ్లారు.

'కు', 'గంటకు', 'ఎంత'. మూడింటినీ మింగేశారు. ఒక్క అక్షరం మింగితే మా అచ్చాఫీసులో కూలి కోస్తారు. తమ శాఖలో అదే పనికి జీతం ఇస్తారని ఇప్పుడే తెలిసింది.

3. నా మొదటి అర్జీకి "కాలిన వస్తువును హాజరుపరిచిన మీదట సరఫరా పునరుద్దరించబడును" అని జవాబు వచ్చింది. హీటరును చంకన పెట్టుకుని తెచ్చి తమ బల్ల మీద పెట్టాను. తమరు స్వయంగా చూసి, "ఇది కాలలేదు కదయ్యా, కాలింది పట్రా" అన్నారు. రెండో అర్జీకీ అదే జవాబు. అందులో ఐదు తప్పులున్నవి, ఎర్ర సిరాతో దిద్ది జతపరుస్తున్నాను. 'పునరుద్ధరించు'కు ద కింద ధ ఒత్తు ఉండాలి. లేకపోయినా పరవాలేదు, కరెంటు ఉంటే చాలు.

4. పదకొండు రోజులైంది. రెండు దుప్పట్లు, నా కోటు, మా ఆవిడ శాలువా కప్పినా అమ్మ పళ్లు టకటకలాడుతున్నాయి. నిన్నటి నుంచి దగ్గు మళ్లీ మొదలైంది. తమ గదిలో మాత్రం అదే రకం హీటరు ఖాళీ కుర్చీ ముందు ఎర్రగా వెలుగుతుంటుంది. అది ఎంత కాలుస్తుందో అడిగే నాథుడు లేడు. అయ్యా, నాకు భయంగా ఉంది. అమ్మ పోతుందేమోనని భయం. ఆ భయంతోనే ఇంత దురుసుగా రాస్తున్నాను, క్షమించమని మాత్రం అడగను.

కావున ఈ సాయంత్రంలోగా తీగ కలిపించి, గంటకు ఎంత కాలుతుందో కాగితం మీద రాసి ఇప్పించవలెను. చిత్తగించవలెను. చిత్తం లేకపోతే కనీసం చదవవలెను.

ఇట్లు,
విధేయత అడుగంటిన
తమ విధేయుడు

తా.క.: ఇది మడిచి జేబులో పెట్టుకున్నాక మనసు మారింది. హీటరును పెరట్లో పెట్టి, దాని అట్టపెట్టె, విరిగిన కుర్చీ, తమ జవాబులు రెండూ పైన పేర్చి నిప్పంటించాను. జతపరుస్తానన్నది కూడా అందులోనే పోయింది. కాలిన వస్తువును గోనెసంచిలో పంపుతున్నాను, హాజరు వేసుకోండి. ఇక తమరు కరెంటు కలిపినా పెట్టుకోవడానికి మాకు హీటరు లేదు.

పొగ తగలని వైపున అమ్మను కూర్చోబెట్టాం. ఇన్నాళ్లకు చేతులు బయటికి చాచింది. ముఖానికి కాస్త రంగు వచ్చింది. మంట తగ్గుతుండగా నా వైపు తిరిగి, "దీనికి గంటకు ఎంత కాలుతుందిరా?" అంది.

ఏం చెప్పమంటారు?