పాపాయి పాదం కొలత

పాపాయి అమ్మకు,

నేను కులాసా, దగ్గు తగ్గింది. నిన్న ఈ ఊళ్లో బొమ్మల కొట్లో, నడిస్తే కీచుకీచుమనే బుల్లి జోళ్లు చూశాను. "పాప పాదం ఎంతుంటుందండీ?" అన్నాడు కొట్టాయన. మనిషిని చూడగానే కొలత చెప్పే దర్జీని నేను. రెండు వేళ్లు చాపి చూపించాను. కాదేమోనని ఇంకాస్త చాపాను. "మీ పిల్లేనా అండీ?" అని నవ్వాడు. గిలక్కాయకు కొలత అక్కర్లేదు కనక అదొక్కటే కొనుక్కొచ్చాను.

జవాబు కార్డు మీద పాప పాదం ఆనించి చుట్టూ పెన్సిలుతో గియ్యి. కదిలితే కదలనీ, వంకర గీత చెరపకు. నా కుట్టుమిషనుకు నూనె వేస్తున్నావా? అత్తయ్యకు నమస్కారాలు, పాపకు బోలెడు ముద్దులు. "నాన్నేడమ్మా?" అని నువ్వడిగితే ఇంకా ఆ మిషను వైపే వేలు చూపిస్తోందా?