మగ్గం మీద జర్మన్ చీటీలు

రాజేశ్వరీ,

మన లావణ్య జర్మన్ భాషలో మొదటి పరీక్ష పాసయిందే! ఫోన్‌లో మార్కులు చూడగానే మగ్గం గుంతలోంచి ఒక్క ఉదుటున లేచాను. కొత్తవాడలో ఎదురుపడిన ప్రతి ఒక్కరికీ లడ్డూ పెట్టి మరీ చెప్పాను.

జర్మనీలో నర్సు ఉద్యోగం రావాలంటే వాళ్ల భాష రావాలట. అందుకని ఇంట్లో ప్రతి వస్తువుకూ చీటీ అంటించింది, నా కోసం తెలుగు అక్షరాల్లో. తలుపు మీద ట్యూర్, నీళ్ల బిందె మీద వాసర్. మగ్గాన్నీ వదల్లేదు. నాలుగు నెలలు రోజూ సాయంత్రం నేత ఆపి బిడ్డ పక్కన కూర్చున్నాను. నేను వస్తువు చూపిస్తే అది పేరు చెప్పేది. "నాకన్నా జల్ది నేర్చుకుంటానవ్ బాపూ, నువ్వే పో జర్మనీకి!" అని ఒకటే నవ్వు. నీ ఫోటో మీద 'ముట్టర్' అని ఉంది. అమ్మ అని అర్థం.

ఆ చీటీ చూసినప్పుడల్లా నాకు ఒకటే గుర్తొస్తుంది. పెళ్లయిన కొత్తలో మగ్గానికి నూలు కండెలు చుడుతూ, "జర నా పేరు రాసుడు నేర్పరాదయ్యా" అని అడిగావు. "కండెలు చుట్టేటందుకు సదువెందుకే?" అన్నాను. నవ్వి ఇంకో కండె అందుకున్నావు. మళ్లీ అడగలేదు. నువ్వు పోయే ముందు దవాఖాన కాగితం మీద కూడా వేలిముద్రే వేశావు. ఏడో తరగతి చదివినవాణ్ణి, రోజూ ఒక్క గంట నీ పక్కన కూర్చుంటే నాదేం పోయేది?

ఈ ఉత్తరం నీకు చేరినా చదవలేవు. ఆ తప్పు నాదే. ఇవాళ నీ ఫోటో మీద, లావణ్య చీటీ కింద, ఇంకో చీటీ అంటించాను. పెద్ద పెద్ద అక్షరాలతో నీ పేరు రాశాను.

నీ మల్లేశం